తార్నాకలో సముద్రపు ఊపిరి

హైదరాబాదు వెళ్ళొచ్చినవాళ్ళెవరైనా చార్మినార్ గురించి చెబుతారు, బిర్యానీ గురించి చెబుతారు, ట్రాఫిక్‌ను తిడతారు. నేను ఆ మూడింటి జోలికీ పోలేదు. నేను వెళ్ళింది తార్నాక, చెప్పబోయేది అక్కడి ఒక మేడగదిలోని నీళ్ళ గొట్టం గురించి. నవ్వదలుచుకున్నవాళ్ళు ఇక్కడే నవ్వేయండి, తర్వాత వీలుపడదు.

మాది బాపట్ల దిగువన సముద్రపు ఒడ్డు పల్లె. వేటకెళ్ళే ఇంట్లో పుట్టి, అదే ఊరి బడిలో పంతులమ్మనయ్యాను. బడిపిల్లల్ని ఒడ్డుకు తీసుకెళ్ళి తాబేళ్ళ గుడ్లను ఎలా కాపాడాలో చూపిస్తుంటానని ఎవరు చెప్పారో ఏమో, హైదరాబాదు నుంచి శ్రావణి అనే అమ్మాయి ఫోన్ చేసింది. అక్కడి విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోందట. విద్యార్థులు కొందరు కలిసి, చుట్టుపక్కల పిల్లలకూ తల్లిదండ్రులకూ సముద్ర జీవుల సినిమాలు మూడు రోజులు వేస్తున్నారు. సినిమా అవగానే నేను లేచి నాలుగు మాటలు చెప్పాలి.

"మేడం, సముద్రం తెల్సినోళ్ళు ఒక్కలన్న ఉండాలె గద," అంది.

"మీలో ఎవరికీ తెలియదా?"

"నేనైతే ఇప్పటిదాంక చూడనేలేదు మేడం. మాది నల్లగొండ దిక్కు. మాకు బోరు నీళ్ళే సముద్రం."

సముద్రం చూడని పిల్ల సముద్రం సినిమాలు వేస్తోందంటే ముచ్చటేసింది. రెండు పొట్లాల ఎండుచేపలు సంచిలో వేసుకుని రైలెక్కాను.

రాళ్ళ మధ్య దారి

సికింద్రాబాదులో ఆటో ఎక్కితే డ్రైవరు రెండుసార్లు ముక్కు ఎగబీల్చి, "ఏందమ్మా, బ్యాగుల ఏమున్నది?" అన్నాడు. ఎండుచేపలన్నాను. అంతే, ఆటో దౌడు తీసింది. ఆ దౌడులో నన్ను చెప్పిన విశ్వవిద్యాలయం గేటు దగ్గర కాకుండా, మాణికేశ్వర్ నగర్ వైపున్న దారిలో దించి వెళ్ళిపోయాడు. ఇల్లూ ఇల్లూ ఒరుసుకునే సందులు దాటి, క్యాంపస్ గోడ సందులోంచి అవతలికి అడుగుపెడితే ఒక్కసారిగా చప్పుడంతా ఆగిపోయింది. పెద్ద పెద్ద బండరాళ్ళు, ఎండిన గడ్డి, మనిషి లేడు. మా ఊళ్ళో చప్పుడు ఎప్పుడూ ఆగదు. అలల హోరు పుట్టినప్పటి నుంచీ చెవుల్లో ఉంటుంది కాబట్టి, అది లేకపోతే చెవుడొచ్చిందేమోనని భయం. ఆ రాళ్ళ మధ్య నిలబడి, చెవి పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి నా పేరు నేనే పిలుచుకున్నాను.

శ్రావణి స్కూటీ మీద వచ్చి నన్ను వెతికి పట్టుకుంది. ఇరానీ హోటల్లో ఒక చాయ్‌ను ఇద్దరం పంచుకున్నాం. అక్కడ అలా అడిగి తాగడం తప్పు కాదట, మా వైపైతే పిసినారి అని ఊరంతా చాటేవాళ్ళు. అతిథి గృహంలో పరీక్షల వాళ్ళు దిగడంతో నాకు బయట గది చూశానని చెప్పింది. తార్నాక నుంచి లాలాగూడ వెళ్ళే వైపు ఒక సందులో, రూతమ్మగారని, రైల్వే వర్క్‌షాపులో పనిచేసి చనిపోయిన ఆయన భార్య. కోడలు నర్సు, డ్యూటీల మీదే ఉంటుంది. బడికెళ్ళే మనవరాలు బ్లెస్సీ.

మేడగది

గుమ్మం ముందు నిలబడగానే నాకు సముద్రపు వాసన కొట్టింది.

మీరు నమ్మరు. నేనూ నమ్మలేదు. నా సంచిలోని ఎండుచేపలే అనుకున్నాను. కానీ ఎండుచేపల వాసన వేరు, ఆటుపోటుకు తడిసి ఆరిన పాచి వాసన వేరు. గోడ అడుగున తెల్లగా ఉప్పు పూసి ఉంది. మా ఊళ్ళో ప్రతి ఇంటి గోడా అలాగే ఉంటుంది, కానీ ఇక్కడ పక్కింటి గోడ శుభ్రంగా ఉంది.

రూతమ్మగారు మంచి మనిషి. పొడవుగా, తెల్ల చీరలో ఉన్నారు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి, తల కొద్దిగా పక్కకు వంచి ఏదో వింటారు. తర్వాత మళ్ళీ మొదలుపెడతారు. జొన్నరొట్టె, కొర్రమీను పులుసు పెట్టారు. సముద్రపు చేప నీచని ఇక్కడ చాలామంది ముట్టరు, చెరువు చేపే చేప. కిలో కొర్రమీనుకు వాళ్ళు పెట్టిన ధర విని, అంత డబ్బుకు మా రేవులో తట్టెడు కవళ్ళ చేపలు వస్తాయన్నాను. ఆవిడ నవ్వలేదు. సముద్రం మాట వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో ఎవరూ నవ్వరని ఆ తర్వాత గమనించాను.

సాయంత్రం దీపాలు పెట్టే వేళ మేడ మీద చీర మడత పెట్టుకుంటున్నాను. నా గదికి ఆనుకున్న స్నానాలగదిలోంచి ఎవరో ఊపిరి వదిలారు.

దీర్ఘంగా, బరువుగా, చాలాసేపు బిగబట్టి ఒక్కసారి వదిలినట్టు. వెళ్ళి చూస్తే ఎవరూ లేరు. నీళ్ళు కిందికి పోయే గొట్టం నోరు తెరుచుకుని ఉంది, అంతే. తిరిగి వచ్చి చీర చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ అదే ఊపిరి. ఆ చప్పుడు నాకు తెలుసు. ఎక్కడ విన్నానో గుర్తురావడం లేదు గానీ తెలుసు. తెలిసిన చప్పుడు తెలియనిచోట వినబడితే గుండె ఎలా గుభేలుమంటుందో ఆ రోజు తెలిసింది.

కిందికి దిగి అడిగితే, రూతమ్మగారు గిన్నెలు సర్దుతూ, "కుక్కర్ సప్పుడు, టీచరమ్మా," అన్నారు. పొయ్యి మీద కుక్కర్ లేదు.

మొదటి సినిమా

మర్నాడు పొద్దున క్యాంపస్‌లో పాత రాతి కట్టడంలోని హాలు నిండింది. పిల్లలు, తల్లులు, మురుకుల పొట్లాలు. బ్లెస్సీని తీసుకుని రూతమ్మగారు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. సినిమాలో ఒక చిన్న పాప ఒడ్డున దొరికిన డాల్ఫిన్ పిల్లను ఇంటికి తెచ్చి తొట్టిలో పెంచుతుంది. అది పాపతో కబుర్లు చెబుతుంది, చేయి కలుపుతుంది, పుట్టినరోజుకు టోపీ కూడా పెట్టుకుంటుంది. పిల్లలు ఒకటే చప్పట్లు. నాకు ఒళ్ళు మండింది. జంతువుల్ని ప్రేమించమని చెప్పే సినిమాల్లో సగం ఇంతే, వాటికి మన బుద్ధులూ మన బట్టలూ తొడిగి, అప్పుడు ప్రేమిస్తాయి.

ఆ మంటలోనే వేదికెక్కి, మా పల్లె పద్ధతి చెప్పాను. "మా వలలో తాబేలు పడితే, కొత్త వలైనా సరే కోసి విడిపిస్తాం. వీపుకు పసుపు రాసి, కుంకం పెట్టి, గంగమ్మ బిడ్డవు, వెళ్ళిరా తల్లీ అని నీళ్ళలో వదులుతాం. వదిలినవాళ్ళు వెనక్కి తిరిగి చూడరు. చూస్తే, ఇంకా ఏదో ఇవ్వమని అడిగినట్టు." అక్కడితో ఆగితే బాగుండేది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని వింటున్నారు, నాకు హుషారెక్కింది. మా పెద్దవాళ్ళు మమ్మల్ని భయపెట్టడానికి చెప్పే మాట కూడా చెప్పేశాను. "గంగమ్మ సొత్తు ఎవరింట్లో ఉంటే, ఆ ఇంటి సొత్తు గంగమ్మ దగ్గర ఉంటుంది. ఇదిస్తేనే అదిస్తుంది."

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. ముందు వరసలో రూతమ్మగారి మొహం పాలిపోవడం చూశాను, ఉక్కపోత అనుకున్నాను.

మధ్యాహ్నం సబ్బు కొనడానికి లాలాగూడ వైపు నడిచాను. రైల్వే క్వార్టర్ల దగ్గర చిన్న కిరాణాకొట్టు. ఎక్కడ దిగారని కొట్టావిడ అడిగితే చెప్పాను. ఆవిడ సబ్బు ఇవ్వడం ఆపి నా వైపు వంగింది.

"గా రూతమ్మ ఇంట్లనా? ఒక్క మాట అడుగుత, ఏమనుకోవద్దు. గంత గల్లుప్పు ఏం జేసుకుంటరమ్మా గాళ్ళు? బస్తాలకు బస్తాలు తీస్కపోతరు. ఉన్నదే ముగ్గురు ఆడోళ్ళు."

నాకేం తెలుసు? తెలియదన్నాను.

"కొడుకు పోయినకాడికెల్లి గట్లనే ఉన్నది ఆ ఇల్లు," అని సబ్బు చేతిలో పెట్టింది.

మాటల్లేని సినిమా

రెండో రోజు సినిమా చిన్నది. ఎవరు తీశారో గానీ వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. ఒక కుటుంబం సాయంకాలం ఒడ్డుకు వెళుతుంది. దూరంగా తాబేలు నీళ్ళలోంచి పైకి వస్తుంది. తండ్రి టార్చి ఆర్పేస్తాడు. ముట్టుకోబోయిన పిల్ల చేయి పట్టుకుని, "చూడు. ముట్టకు," అంటాడు. సినిమా మొత్తంలో మాటలంటే ఇవే. తర్వాత తాబేలు ఇసుక తవ్వడం, గుడ్లు పెట్టడం, కన్నీళ్ళు కారడం. నలుగురు మనుషులు కదలకుండా కూర్చుని ఉంటారు. తాబేలు తన పని చూసుకుని, వాళ్ళ వైపు ఒక్క చూపైనా చూడకుండా వెళ్ళిపోతుంది.

హాల్లో పిల్లలు మురుకులు నమలడం మానేశారు. అప్పుడు తెర మీది తాబేలు మెడ చాచి ఊపిరి వదిలింది.

గొట్టంలో నేను విన్నది ఇదే. ఎన్నోసార్లు మా ఒడ్డున, చీకట్లో, పక్కన కూర్చుని విన్న ఊపిరి. ముందు వరసలో బ్లెస్సీ లేచి నిలబడింది. నాయనమ్మ చేయి పట్టుకుని, హాలంతా వినబడేలా అంది, "నాయనమ్మా, మన దాని లెక్కనే!"

రూతమ్మగారు ఆ పిల్లను రెక్క పట్టుకుని, కుర్చీలు తడుముకుంటూ బయటికి వెళ్ళిపోయారు.

కింది స్నానాలగది

నేను వెళ్ళేసరికి ఇంటి తలుపు తీసే ఉంది. కింది స్నానాలగదిలో, నీలం డ్రమ్మును కోసి చేసిన తొట్టి ముందు పీట వేసుకుని రూతమ్మగారు కూర్చున్నారు. నేను రావడం చూసి వెళ్ళిపొమ్మనలేదు. మేడ మీది గొట్టం ఆ గదిలోకే దిగి ఉంది.

తొట్టిలో టిఫిన్ పళ్ళెమంత తాబేలు. మా సముద్రపు తాబేలు, సందేహం లేదు. తొట్టి అంచుకు ముక్కు ఆనించి ఈదుతోంది. ముందుకు పోదు, ఆగదు. రెక్కలు ఆడుతూనే ఉన్నాయి. తొట్టి లోపల చుట్టూ రెక్కల రాపిడికి తెల్లటి గీతలు పడి ఉన్నాయి.

"టబ్బును ఎటు తిప్పినా గా మూలకే పోతది," అంది బ్లెస్సీ. "నేను మస్తు సార్లు తిప్పిన."

పిల్ల నా కళ్ళ ముందే తొట్టిని జరిపి తిప్పింది. తాబేలు నీళ్ళతో పాటు తిరిగింది, ఒక్క క్షణం తడబడింది, తర్వాత మెల్లగా మళ్ళీ ఆ గోడ మూలకే వచ్చి ముక్కు ఆనించింది. పొద్దున మేడ మీంచి సూర్యోదయం ఎటో చూశాను కనక లెక్క కట్టాను. అది ఆగ్నేయం. ఆ మూల నుంచి తిన్నగా గీత గీస్తే మా ఊరి రేవు తగులుతుంది.

మిగిలిన సంగతి రూతమ్మగారే చెప్పారు. నిరుడు ఎండాకాలం కొడుకు సుధాకర్ అందరినీ సముద్రం చూపిస్తానని మా తీరానికే తీసుకొచ్చాడు. సాయంత్రం లైట్ల వైపు దారితప్పి పాకుతున్న తాబేలు పిల్లను బ్లెస్సీ ఎత్తుకుంది.

"సినిమాల పాప డాల్ఫిన్‌ను ఇంటికి తెచ్చుకుంటది గద ఆంటీ, గట్లనే నేను గూడ," అంది.

టిఫిన్ డబ్బాలో పెట్టి నాన్నకు చూపిద్దామని పరుగెత్తింది. నాన్న నీళ్ళలో ఉన్నాడు. అప్పటికే కనబడటం లేదు.

"రెండ్రోజులు ఒడ్డు మీదనే కూసున్నం," అన్నారు రూతమ్మగారు. "పడవలేసుకొని దేవులాడిన్రు. దొరకలే. ఇంటికొచ్చి బ్యాగు ఇప్పితే గిది. డబ్బల, బతికున్నది. పొద్దుగూకంగ మొదటిసారి ఊపిరి ఇడిసింది. నా కొడుకు పండుకున్నంక గట్లనే ఇడిసేటోడు, టీచరమ్మా. సరిగ గట్లనే."

తాబేలు మెడ చాచి ఊపిరి వదిలింది. ఆవిడ తల పక్కకు వంచి విన్నారు.

"ఇడిసిపెడ్దాం నాయనమ్మా," అంది బ్లెస్సీ. "ముట్టద్దంట. సినిమాల జెప్పిన్రు. దానికి గోడ అవుతల ఏం లేదు, సముద్రమే ఉన్నది."

"నోర్ముయ్! గిది గూడ పోతే నాకేం మిగుల్తది? సమాధి లేదు, పువ్వు పెట్టెటందుకు జాగ లేదు. గీ ఊపిరొక్కటే ఉన్నది నాకు."

ఆ తాబేలు పైపెంకు ఒకపక్క మెత్తబడుతోంది. ఉప్పు కలిపిన కుళాయి నీళ్ళలో అది ఎంతోకాలం బతకదని నాకు తెలుసు, దాన్ని ఇంట్లో ఉంచుకోవడం నేరమనీ తెలుసు. బతకదన్న మాట చెప్పాను. నేరమన్న మాట ఆ ముసలావిడ మొహం చూసి మింగేశాను.

మూడో రోజు పొద్దున

తెల్లవారి దిగేసరికి రూతమ్మగారు స్నానం చేసి, తల దువ్వుకుని నా కోసం కాచుకుని ఉన్నారు. రాత్రంతా ప్రార్థన చేశారని కోడలు చెప్పింది. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చిన ఆ అమ్మాయి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంది.

"నువ్వు జెప్పినవ్ గద, టీచరమ్మా. గంగమ్మది మనింట్ల ఉంటే, మనది గంగమ్మ కాడ ఉంటదని. గిదిస్తే నా కొడుకునిస్తదా?"

కోడలు కళ్ళు తెరిచి నా వైపు చూసింది. ఏం చెప్పాలి? పెద్దలు పిల్లల్ని బెదిరించడానికి కట్టిన మాట అని చెప్పాలి. చెబితే ఆవిడ దాన్ని వదలరు, తొట్టిలోనే అది చస్తుంది. అవునంటే అంతకన్నా పాపం ఉండదు. నేను అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆవిడ నా మౌనాన్ని అవును కింద తీసుకున్నారు. నేను తీసుకోనిచ్చాను.

ఆ తర్వాతివి శ్రావణి చూసుకుంది. వాళ్ళ జంతుశాస్త్రం సారు అటవీ శాఖ వాళ్ళతో మాట్లాడారు. వచ్చిన పెద్దాయన ఇంటి సంగతంతా విని, ఎవరినీ ఒక్క మాట అనకుండా, తడి గుడ్డ పరిచిన పెట్టెలో తాబేలును తీసుకెళ్ళారు. మా తీరంలోని సంరక్షణ కేంద్రంలో అసలు సముద్రపు నీళ్ళలో కొన్నాళ్ళు ఉంచి, బలం పుంజుకున్నాక వదులుతామన్నారు. వదిలే రోజు కబురు పెట్టాలని రూతమ్మగారు ఆయన చేత ప్రమాణం చేయించుకున్నారు.

ఆ సాయంత్రం మేడ మీద సంచి సర్దుకుంటుంటే గొట్టంలోంచి ఏమీ వినబడలేదు. అది మరీ భరించరానిదిగా ఉంది. చెబితే నవ్వుతారు గానీ, నేను ఆ గొట్టం దగ్గర వంగి కాసేపు విన్నాను. కింద కూడా ఎవరో వింటున్నట్టు అనిపించింది.

మళ్ళీ మా ఒడ్డు

ప్రయాణం నేను రైలు దిగడంతో అయిపోలేదు. కబురందగానే ముగ్గురూ వచ్చారు. రూతమ్మగారు, బ్లెస్సీ, తోడుగా శ్రావణి. కోడలు రానన్నదట. శ్రావణి సముద్రాన్ని చూసి, "ఇంత పెద్దగ ఉంటదని ఏ సినిమాల కనవడలే మేడం," అంది.

తెల్లవారుజామున పెట్టె దించారు. పసుపూ కుంకుమా నేను తెచ్చాను. రూతమ్మగారిది వేరే నమ్మకం కదా అని వెనకాడుతుంటే, ఆవిడే, "మీ రేవుల మీ పద్ధతే, కానీ," అన్నారు. తాబేలును తడి ఇసుక మీద పెట్టారు. ఇన్నాళ్ళూ గోడకు ముక్కు ఆనించి ఈదిన జీవి, ఎదురుగా గోడ లేకపోయేసరికి రెక్కలు ఆపేసింది. కదల్లేదు. మెడ చాచి ఒక్కసారి ఊపిరి వదిలింది. రూతమ్మగారు తల పక్కకు వంచారు. అల వచ్చి వెనక్కి వెళ్ళింది. ఇసుక మీద ఏమీ లేదు.

మేం వెనక్కి చూడకుండా నడవాలి. రూతమ్మగారు మాత్రం అక్కడే కూర్చుండిపోయారు, మొహం సముద్రం వైపే. సంచి ఒళ్ళో పెట్టుకుని మూతి విప్పారు. అందులో ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, ప్యాంటు, కొత్త తువ్వాలు. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. కొడుకు వస్తే తొడగడానికి తెచ్చుకున్నారు.

"గిప్పుడు ఇయ్యాలె గద," అన్నారు, నాతో కాదు.

ఎండెక్కింది. పడవలు వెళ్ళాయి, వచ్చాయి. ఆవిడ పక్కన కూర్చుని నేను ఒక్క అబద్ధం వెతుక్కోలేకపోయాను, ఒక్క నిజం చెప్పలేకపోయాను. ఉన్నట్టుండి ఆవిడ లేచి, చొక్కా చేత్తో పట్టుకుని నీళ్ళలోకి నడిచారు. చీలమండల దాకా, మోకాళ్ళ దాకా. నేను లేచేలోపే బ్లెస్సీ పరుగెత్తి ఆవిడ చేయి పట్టుకుంది.

"చూడాలె నాయనమ్మా," అంది. ఏడుస్తోంది. "చూసుడే. ముట్టద్దు."

ఇద్దరూ అలాగే నిలబడ్డారు. అలలు వాళ్ళ మోకాళ్ళను తాకి పోతున్నాయి. చాలాసేపటికి రూతమ్మగారు చొక్కాను మడత చెదరకుండా మళ్ళీ సంచిలో పెట్టుకున్నారు.

"పోదాం పా," అని మనవరాలి చేయి పట్టుకుని ఒడ్డెక్కారు. నా పక్క నుంచి నడిచి వెళ్ళారు. శ్రావణి వాళ్ళ వెంట నడిచింది. సరుగుడు తోపు దాటేదాకా రూతమ్మగారు ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

పుట్టి బుద్ధెరిగాక ఎన్ని తాబేళ్ళను వదిలానో, ఎప్పుడూ తప్పని పద్ధతిని ఆ రోజు నేనొక్కదాన్నే తప్పాను. తిరిగి చూశాను. ఆవిడకు ఇవ్వవలసింది గంగమ్మ ఇస్తుందేమోనని చూశాను.

ఏమీ లేదు. సముద్రమే ఉంది.